తొమ్మిదో పాఠం

"హలో, పోలీసులా? త్వరగా రండి. అతను ఆమెను కొడుతున్నాడు!"

దర్జీ పుస్తకం మీద వేలు పెట్టి ఆపింది. "మళ్ళీ తప్పు. ఫోన్ చేసేది నువ్వు. 'ఆమెను' కాదు, 'నన్ను' అనాలి."

బేకరీ అమ్మాయి తలూపి మొదటి నుంచి చెప్పింది. మళ్ళీ "ఆమెను" అనే అంది.

పరాయి దేశంలో వీళ్ళిద్దరూ ఇంగ్లీషు నేర్చుకునే బడి అది. ఒకరి పేరు ఇంకొకరికి నోరు తిరగక అక్కడ అందరూ చేసే పనిని బట్టే పిలుచుకుంటారు. దర్జీది ఒక దేశం, బేకరీలో పిండి పిసికే ఈ అమ్మాయిది మరో దేశం. ఇద్దరికీ కలిసింది వచ్చీరాని ఇంగ్లీషు ఒక్కటే. దర్జీ నేర్పిన ఒకే ఒక్క తెలుగు మాట మాత్రం ఆ పిల్ల నోట చక్కగా పలుకుతుంది. "అక్కా!"

క్లాసంతా పదిహేనో పాఠానికి వెళ్ళిపోయింది. ఈ పిల్ల మాత్రం మూడు వారాలుగా తొమ్మిదో పాఠం వదలడం లేదు. ఆపదలో ఫోన్ చేయడం ఎలాగో చెప్పే పాఠం అది. ఒక వానరోజు అయిదు దాటాక దర్జీని తన గొడుగులో ఇంటి గుమ్మందాకా దిగబెట్టింది. ఆ మర్నాటి నుంచే ఈ పట్టు.

దర్జీకి ఒకటే అనుమానం. ఊరికే ఎవరూ ఇలా ఉడుంపట్టు పట్టరు. ఈ పిల్లను ఇంట్లో ఎవరో బాధపెడుతున్నారు.

క్లాసు ఖాళీ అయింది. గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. అయిదింటికల్లా దర్జీ ఇంట్లో ఉండాలి. అయినా అడక్కుండా కదల్లేకపోయింది.

"నిజం చెప్పు. మీ ఆయన చెయ్యి చేసుకుంటున్నాడా?"

బేకరీ అమ్మాయి దర్జీ ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. కళ్ళనిండా నీళ్ళు.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మా అమ్మ అనేది." సామెతకు ఇంగ్లీషు చాలక దర్జీ చేతులతో చేసి చూపించింది. "ఆ మాట నమ్మి ఎంతమంది నోరు మూసుకున్నారో! నువ్వలా ఉండకు."

"ఆమె భయపడి నోరు తెరవకపోతే?"

ఈసారి దర్జీ తప్పు దిద్దలేదు. "తెలిసినవాళ్ళెవరైనా ఫోన్ చేయాలి."

"చేస్తే ఆమెకు కోపం రాదా, అక్కా?"

దర్జీ గడియారం వైపు చూసింది. "ముందు వస్తుంది. తర్వాత జన్మంతా దణ్ణం పెట్టుకుంటుంది."

బేకరీ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. పుస్తకం మూసేసి నిజంగానే ఫోన్ తీసి నంబరు నొక్కింది. ధైర్యం చెబుతున్నట్టు దర్జీ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"అతను భార్యను రోజూ కొడుతున్నాడు. ఆమెకు సాయం కావాలి."

ఒక్క తప్పూ లేదు. అవతలి గొంతు చిరునామా అడిగింది.

"రైలు వంతెన పక్క వీధి. పదిహేడో నంబరు. మూడో అంతస్తు."

అది దర్జీ ఇల్లు.