గూడూరు పోని బండి

మునిశేఖర్ మళ్ళీ కిక్కు కొట్టాడు. బండి ‘డుగ్’ అని ఒక్కసారి మూలిగి ఊరుకుంది.

“ఇంగా తన్నురా. నీ కాలు ఇరిగేదాకా తన్ను,” అంది అరుగు మీద కూర్చుని వక్క నములుతున్న అతని తల్లి చెంగమ్మ.

“ఉండుమా. ప్లగ్గుకు మసి పట్టినట్టుండాది.”

ఇస్త్రీ చొక్కా విప్పి దండెం మీద వేసి, మునిశేఖర్ పానా అందుకున్నాడు. వాళ్ళ నాయన కొన్న బండి అది. దాని మీద మెకానిక్కు చెయ్యి పడనివ్వడు. ప్రతి ఆదివారం తనే విప్పుతాడు, తనే బిగిస్తాడు. బిగించాక ఎప్పుడూ ఒక నట్టు మిగులుతుంది. అది కంపెనీవాళ్ళు అనవసరంగా పెట్టిందంటాడు.

ఈ రోజు శుక్రవారం. రాహుకాలం రాకముందే శ్రీకాళహస్తిలో బయల్దేరి గూడూరు పోవాలి. కూతురు మహితను చెంగమ్మ తమ్ముడి మనవడికి ఇస్తామని మాట ఇచ్చి రావాలి. తమ్ముడు నోరు తెరిచి అడిగాడు. తోడబుట్టినవాడు అడిగితే కాదనడం ఆ ఇంట్లో లేదు. తిరుపతిలో డిగ్రీ చదువుతున్న మహితకు ఈ సంగతే తెలియదు. ఇవాళ మాట పడితే వచ్చే నెలలో పెళ్ళి. చదువు అంతటితో సరి.

“పిల్ల పరీక్షలన్నా కానీండి అంటే ఇనరు గదా,” అంది మునిశేఖర్ భార్య నవీన, వంటింటి గుమ్మంలోంచి.

“బయల్దేరేటప్పుడు నోరు తెరస్తావేమే? నీ నోటి చలవకే బండి ఆగింది,” అన్నాడు మునిశేఖర్.

“నా నోటికి ఆగే బండికి మీ రిపేరెందుకు?”

చెంగమ్మ కోడల్ని ఎగాదిగా చూసింది. “మా తమ్ముని ఇల్లంటే ఏమనుకుంటివి? నిమ్మకాయల మండీ ఉండాది. నీ కూతురు సదివి కలెక్టరు అవతాదా?”

నవీన వంటింట్లోకి పోయింది.

పక్కింటి ప్రేమానందం గోడ మీదుగా తల పెట్టాడు. “ఏమప్పా, పోస్టుమార్టమా?”

“కార్బురేటర్ కడగతాండా.”

“ప్రాణముండంగానే కోసేస్తివే! పాపం. నా బండి ఎత్తుకోని పోరాదా, రాత్రికి తెచ్చిద్దువు.”

మునిశేఖర్ చేతులు తుడుచుకుని లేచాడు. చెంగమ్మ కయ్యిమంది.

“పక్కింటోళ్ళ బండి మీద పోయి సంబంధం కలుపుతావా? సిగ్గుండాదా? నీ పెండ్లికి మాటిచ్చేదానికి మీ నాయన పొయ్యింది ఈ బండి మీద. నువ్వూ దీని మీదే పోవల్ల. బస్సు గిస్సు అన్నావంటే సూడు మల్ల!”

ప్రేమానందం తల గోడ వెనక్కి దిగిపోయింది. మునిశేఖర్ మళ్ళీ చతికిలబడ్డాడు. కార్బురేటర్ బిగించాడు. ప్లగ్గు ఊడదీసి ఇంజనుకు ఆనించి కిక్కు కొడితే నీలంగా మెరిసింది.

“కరెంటు వస్తాంది. పెట్రోలు దిగతాంది. మరి దీనికేం రోగం?”

“ఆదివారమాదివారం నువ్వు అంటిచ్చిన రోగమే,” అంది చెంగమ్మ.

ఫోన్లో ఒక వీడియో పెట్టుకుని చూశాడు. అందులో వాడి బండి మొదటి కిక్కుకే లేచింది. మునిశేఖర్ ఫోన్ బోర్లా పెట్టాడు.

ఆలోగా రాహుకాలం రానే వచ్చింది. చెంగమ్మ వక్క ఉమ్మేసి లేచింది.

“ఇంగ సాలు. శుభమా అని మాటిచ్చేదానికి పోతాంటే గడప ముందరే బండి మొరాయిచ్చిందంటే ఏమనుకోవల్ల? దేవుడు ఒద్దంటాండాడు. ఫోను ఇట్లియ్యి, మా తమ్మునికి నేనే సెప్తా.”

చెప్పింది. ముక్కు చీదుతూ చెప్పింది. బండి కదల్లేదని వినగానే గూడూరులో ఆయన గొంతు కూడా తగ్గింది. “అట్లయితే ఒద్దులేక్కా. శకునం బాగలేనప్పుడు మనమేం జేస్తాం? మేం ఇంగోటి సూసుకుంటాం.”

మునిశేఖర్ నల్లటి చేతులతో, దండెం మీది చొక్కా భుజాన పడేసుకుని, పెరట్లో బాత్రూములోకి పోయాడు. చెంగమ్మ ఇంట్లోకి పోయింది.

నీళ్ళ చప్పుడు మొదలవగానే నవీన వంటింట్లోంచి గబగబా వచ్చింది. బండి వెనక గొంతుకూర్చుని, కొక్కెంలా వంచిన తీగను సైలెన్సరు గొట్టంలోకి దూర్చింది. మొగుడు లేవకముందే తాను అందులో కుక్కిన పాత గుడ్డ ఇప్పుడు తీసెయ్యాలి. లాగింది. రాలేదు. తాను ఇంత బిగించి కుక్కలేదే! కాలు చక్రానికి తన్నిపెట్టి లాగింది. అయినా రాలేదు.

“అట్ల గెలికితే రాదు.”

నవీన చేతిలో తీగ కింద పడింది. వెనక చెంగమ్మ నిలబడి ఉంది. పెరటి వైపు ఒకసారి చూసి, వంగి, గొంతు తగ్గించింది.

“ముందు నా గుడ్డ లాగు. నువ్వు కుక్కిన కుక్కుడికి, నాది అడ్డం లేకుంటే నీది మొదటి తన్నుకే బయటపడుండును.”