పాత బోర్డుకి సరిపోయే ప్రాసెసర్

"ముందు నీ కంప్యూటర్లో ఉన్న బోర్డు ఏదో చెప్పు బాబూ. చిరునామా తర్వాత ఇస్తాను" అంది ఫోన్లో ఆవిడ.

సెల్ కవర్ల కొట్టులో పనిచేసే కుర్రాడికి నవ్వొచ్చింది. ఒక ఆంటీ నోట బోర్డు అన్న మాట వినడం అదే మొదటిసారి. చెప్పాడు.

"మా పెద్దోడు అలా అడగమన్నాడు. సరిపోనివాళ్ళు ఊరికే మెట్లెక్కి వస్తారని" అంది. చిరునామా ఇచ్చింది.

ఆదివారం ఆన్‌లైన్ ఆట పోటీ ఉంది. సరిగ్గా కాల్పులు మొదలయ్యే వేళకే అతని కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. ఓడినప్పుడల్లా మైకులో ఆ పాత బోర్డునే పేరు పెట్టి తిట్టేవాడు. ఈసారి ఓడితే తీసేస్తామని జట్టువాళ్ళు ముఖం మీదే చెప్పేశారు. కొత్త ప్రాసెసర్ కొంటే దానికి కొత్త బోర్డు కావాలి, కొత్త మెమరీ కావాలి. అంత తాహతు లేదు. పాత బోర్డులో కూర్చునే వాటిలో అన్నిటికన్నా వేగమైనది ఆవిడ అమ్మే ఈ ప్రాసెసర్ ఒక్కటే. ఆటగాళ్ళ గ్రూపులో అమ్మకానికి కనబడగానే ఫోన్ చేశాడు.

ఆవిడ అడిగిన ధర తక్కువే. ఆ తక్కువ కూడా ఇచ్చే ఉద్దేశం అతనికి లేదు.

తన పాత ప్రాసెసర్ని చిన్న డబ్బాలో పెట్టి జేబులో వేసుకొచ్చాడు. పైనుంచి చూస్తే రెండూ ఒకేలాంటి రేకుబిళ్ళలు. మీద ఉన్న అక్షరాలు వేడి తగ్గడానికి పూసే పేస్టు కింద కనబడవు. పిన్నులు చూస్తానని ఆవిడది ఊడదీయాలి, తనది పెట్టాలి, పెదవి విరిచి లేచి రావాలి. అతనికిది కొత్త కాదు.

గుమ్మం దగ్గర ఆడవాళ్ళ చెప్పులు ఒక్క జతే ఉన్నాయి. గుండె కుదుటపడింది.

అతను లోపలికి రాగానే ఆవిడ గడియ పెట్టింది. "గాలికి కొట్టుకుంటుంది" అంది. గాలేమీ లేదు.

మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. గోడ మీద పోస్టర్ పీకేసిన చోట టేపు ముక్కలు మిగిలిపోయాయి. కిటికీ మూసి ఉంది. బల్ల మీద కంప్యూటర్ అప్పటికే ఆన్ చేసి ఉంది. ఫ్యాను సన్నగా రొద పెడుతోంది.

"మీ పెద్దబ్బాయి లేరా ఆంటీ? ధర మాట్లాడాలి."

"ఈ వేళప్పుడు ఇళ్ళల్లో ఎవరుంటారు? బేరానికి నేను చాలనా?"

"ఎందుకు అమ్మేస్తున్నారు?"

"ఇది మా చిన్నోడిది. వాడు ఆట మానేశాడు." కుర్చీ జరిపింది. "నీకన్నా ముందు చాలామంది వచ్చి ఆడి చూసి వెళ్ళారు."

"మరి తీసుకోలేదా?"

"కుదరలేదు."

అతనికి అదే చాలు. "ఎవరు తీసుకుంటారాంటీ? దీంట్లో గ్రాఫిక్స్ ఉండవు, విడిగా కార్డు పెట్టాలి. కార్డు పోయిందంటే తెర మీద బొమ్మే రాదు. పైగా కుంపటిలా వేడెక్కుద్ది. పాత ఇనుముకి కూడా పోదు."

"పోనీ నువ్వూ ఆడి చూడు. నచ్చకపోతే వద్దు."

పాత ప్రాసెసర్ కొనేవాళ్ళెవరైనా చేసే పనే అది. మెషిన్ వెలిగినంత మాత్రాన ఎవరూ నమ్మరు. ఆటలో నలుగురు ఒకేసారి మీదపడ్డప్పుడు తట్టుకుంటేనే సరుకు. పాడైపోయినదాన్ని కాజేసి మాత్రం ఏం లాభం? కూర్చున్నాడు. ఆట తెరిచాడు. అది పేరు అడిగింది.

"చిన్నోడి పేరు తీసేశాం. నీ పేరుతోనే ఆడు" అంది ఆవిడ వెనకనుంచి.

ఆటలో తన పేరు, పాస్‌వర్డ్ కొట్టాడు. నల్లతేలు. పక్కన చిన్న కిరీటం మెరిసింది.

"ఈ పేరు నీదేనా? ఎవరి దగ్గరైనా అరువు తెచ్చావా?"

"నాదే ఆంటీ. ఈ పేరు చూస్తేనే సగంమంది పారిపోతారు."

"ఇంకెవరూ ఆడరా దీంతో?"

"మా జట్టువాళ్ళని కూడా ముట్టుకోనివ్వను."

ఆట మొదలైంది. పేలుళ్ళు, పొగ, పరుగులు. ప్రాసెసర్ ఎక్కడా తడబడలేదు. ఆదివారం ఇక తనదే. ఎవడో కొత్తవాడు గోడ చాటున చిక్కాడు. కుర్రాడు మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"ఏరా సన్నాసీ, చేతులు ఇంట్లో పెట్టొచ్చావా? పో, పోయి మీ అమ్మ కొంగు పట్టుకో."

మైకు ఆపి, వెనక్కి తిరిగి నవ్వాడు. "ఆటలో ఇవన్నీ మామూలే ఆంటీ. ఏమీ అనుకోకండి."

"అనుకోను" అంది ఆవిడ. కళ్ళు తెర మీదే ఉన్నాయి.

ఇక చూడాల్సింది లేదు. కంప్యూటర్ ఆపి, స్క్రూడ్రైవర్ తీశాడు. "పిన్నులు ఓసారి చూడాలి. ఈలోగా కాసిని మంచినీళ్ళు ఇస్తారా?"

ఆవిడ కదిలింది. అతను గబగబా పక్కరేకు విప్పాడు. ఫ్యాను ఊడదీశాడు. ప్రాసెసర్ ఇంకా వెచ్చగా వేలికి తగిలింది. రెండో చెయ్యి జేబులోకి వెళ్ళింది.

ఆవిడ వంటింటివైపు వెళ్ళలేదు. మూసి ఉన్న లోపలి గది తలుపు ముందు ఆగింది.

"పెద్దోడా, బయటికి రా" అంది మెల్లగా, "చచ్చిపో చచ్చిపో అంటూ మన చిన్నోడు పోయేదాకా వదలని ఆ నల్లతేలు మనింటికొచ్చాడు."