మడికర్ర

“ముట్టుకోకు!”

బాలసరస్వతమ్మ కేకకి గౌరీశంకరం చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. వేళ్లకీ, గోడకి ఆనించి ఉన్న కర్రకీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

“అది మా మడికర్ర నాయనా. రోజూ దాంతోనే మడిబట్టలు పై దండెం మీద ఆరేసుకుంటాను. స్నానం చెయ్యకుండా దాన్ని ఎవరూ తాకరు.”

“అది మామూలు కర్ర కాదు పిన్నిగారూ! బిలియర్డ్స్ ఆడే క్యూ. వందేళ్ల కిందటిది అయ్యుంటుంది.”

“ఎన్నేళ్లదైతేనేం, మడి మడే.”

పక్కన నిలబడ్డ హర్షిణి నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె బాలసరస్వతమ్మకి మనవరాలు. తెనాలిలో గౌరీశంకరం లెక్కలు చెప్పే కాలేజీలోనే ఇంగ్లీషు చెబుతోంది. అమ్మమ్మ పుట్టినరోజు ఫొటో కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టడమే ఆమె చేసిన పొరపాటు. అందరూ అమ్మమ్మకి దణ్ణాలు పెడితే, గౌరీశంకరం మాత్రం ఆవిడ వెనకున్న కర్రని చూశాడు. మర్నాడు పొద్దున్నే రైలెక్కి రేపల్లెలో దిగిపోయాడు. పాత క్యూ కనిపిస్తే ఆ మనిషికి ఆకలిదప్పులుండవు. ఇంట్లో బీరువా నిండా అవే. చీరలకి చోటు లేక వాళ్లావిడ ఇంకో బీరువా కొనిపించుకుంది.

“పోనీ, మీరే పట్టుకుని కాస్త అటూ ఇటూ తిప్పండి. దూరం నుంచే చూస్తాను,” అని బతిమాలాడు.

“ఈ వయసులో నా చేత కర్రసాము చేయిస్తావా? అంత చూడాలనుంటే నూతి దగ్గర స్నానం చేసి తడిబట్టతో రా. అప్పుడు ఎంతసేపైనా చూసుకో.”

ఇంకొకరైతే దణ్ణం పెట్టి వెళ్లిపోయేవారు. గౌరీశంకరం చొక్కా విప్పేశాడు. మాఘమాసపు పొద్దున నూతి నీళ్లు నెత్తిన గుమ్మరించుకుని, ఆవిడ ఇప్పించిన పంచె తడిపి చుట్టుకుని, పళ్లు టకటకలాడిస్తూ వచ్చి నిలబడ్డాడు.

హర్షిణి ఫోను తీసింది. “ఇది కూడా గ్రూపులో పెట్టమంటారా సార్?”

“ఏమైనా పెట్టుకోమ్మా. ముందు ఆ టార్చి ఇటు వెయ్యి!”

కర్ర చేతిలోకి రాగానే ఆయన చలి ఎగిరిపోయింది. ఒక కన్ను మూసి బారుగా చూశాడు. ఎక్కడా వంకర లేదు. కింది భాగం నల్లచేవ కర్ర, పై భాగం తెల్లది.

“ఈ రెండూ కలిసే చోటు చూడమ్మా. మిషను మీద అతికిస్తే మొనలు సూదుల్లా, అన్నీ ఒకే ఎత్తున ఉంటాయి. ఇవి గుండ్రంగా ఉన్నాయి, పైగా హెచ్చుతగ్గులు కూడా. అచ్చంగా చేత్తో చేసిన పని!”

అడుగున మసిబారిన బిళ్లని తడి పంచె చెంగుతో రుద్దితే ఇంగ్లీషు అక్షరాలు లీలగా తేలాయి. ఆయన మొహం చూసి బాలసరస్వతమ్మకే ముచ్చటేసింది. పసిపిల్లాడికి తాయిలం దొరికినట్టుందే, అనుకుంది.

అంతలోనే ఆ మొహం వాడిపోయింది. క్యూకి ప్రాణమంతా కొసలో ఉంటుంది. బంతిని కొట్టేది అదే. ఇక్కడ కొస లేదు, రంపంతో కోసేసి ఉంది.

“ఎవరు కోశారండీ దీన్ని?”

“మా అత్తగారే వడ్రంగిని పిలిచి కోయించారు. కొయ్యకపోతే మడికి ఎలా పనికొస్తుంది?”

దండేనికి పొడుగెక్కువై కోయించారు కాబోలు అనుకుని నిట్టూర్చాడు. అయినా ఆశ చావలేదు. తెనాలి బజార్లో కొనుక్కొచ్చిన అల్యూమినియం గొట్టం గుమ్మం దగ్గరుంది. అది చూపించాడు.

“ఇది తీసుకుని అది నాకిచ్చెయ్యండి పిన్నిగారూ. తేలిగ్గా ఉంటుంది.”

“వద్దు నాయనా, ఆ గొట్టం నా చేతికి జారిపోతుంది. అలవాటైన కర్ర ఇచ్చేస్తే రేపు నా చీర నువ్వొచ్చి ఆరేస్తావా?”

“వస్తానండి,” అన్నాడు గౌరీశంకరం. వేళాకోళానికి కాదు, నిజంగానే అన్నాడు.

బాలసరస్వతమ్మ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. “నీ పిచ్చి బంగారంగానూ! ఇది మాత్రం ఇవ్వను. అటక మీద నల్లటి రేకు గొట్టం ఒకటుంది. దీంతోపాటు మా మామగారు ఏదో క్లబ్బు వేలంలో పాడుకొచ్చిందే. మాకెందుకూ పనికిరాక పడేశాం. కావాలంటే తీసుకుపో.”

తడిపంచెతోనే నిచ్చెనెక్కాడు. నెత్తి నిండా బూజుతో గొట్టం దించి, బిగుసుకుపోయిన మూత ఊడబెరికాడు. లోపల్నుంచి అచ్చం అలాంటిదే ఇంకో క్యూ జారింది. మీద గీత లేదు. బిళ్ల మీద ప్రతి అక్షరం చదవొచ్చు. కొస చెక్కుచెదరలేదు. ఇత్తడి కట్టూ, దాని మీద గుండ్రటి టిప్పూ నిన్న బిగించినట్టున్నాయి.

గౌరీశంకరం ఆ టిప్పుని వేలితో నిమిరాడు. కళ్లకద్దుకున్నాడు. ఆనందం పట్టలేక ఏడ్చేశాడు కూడా.

“ఇన్నేళ్లూ ఒక్క చెయ్యి పడకుండా ఇంత పదిలంగా ఎలా దాచారు పిన్నిగారూ?”

“దాచడమేంటి నాయనా? వాటి కొసన ఉండేది తోలుముక్క! దానిది కోయించి మడి చేసుకున్నాం, దీనికి మళ్లీ వడ్రంగి దొరక్క ఎవరం ముట్టుకోలేదు. నువ్వు ముట్టుకున్నావుగా, ఇక నడు మళ్లీ నూతి దగ్గరికి!”