ఏడో నంబరు

తన చోట ఇంకొకడు నిలబడి ఉండటం చూసి డెల్బర్ట్‌కు ఒళ్ళు మండింది.

ఒహాయోలోని ఆ చెకుముకి తుపాకుల క్లబ్బులో ఇరవై ఏళ్ళుగా ఏడో నంబరు అతనిది. దూరంగా వరసలో పాతిన గురిపలకల్లో ఏడోదీ అతనిదే. "కళ్ళకు గంతలు కట్టినా నా తుపాకీ ఏడుకే తిరుగుతుంది" అని గొప్పలు పోయేవాడు. ఏటా అతనే గెలిచేవాడు కాబట్టి ఎవరూ నవ్వేవారు కారు.

"కొత్తవాడు కదా అని నేల చదునుగా ఉన్న చోటిచ్చాను. నువ్వు ఎనిమిదిలో నిలబడితే కొంపేం మునిగిపోదు" అంది నడీన్. పోటీలో ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పేదీ, క్లబ్బు వంటశాల చూసేదీ ఆవిడే. డెల్బర్ట్ భార్య.

"ఆ కర్టిస్‌కు ఇంకేమేం ఇచ్చావ్?"

"పీచ్‌పళ్ళ 'పై' ఒక ముక్క పెట్టాను. నీకూ ఉంది, నోరు మూసుకుని తింటానంటే."

కర్టిస్ చేతిలో ఉన్న ముక్క పెద్దదని డెల్బర్ట్ అప్పటికే చూసుకున్నాడు.

కర్టిస్ ముప్ఫై దాటని కుర్రాడు. పాతకాలపు సిపాయిల్లా ఎర్రకోటు, మూడు మూలల టోపీ. చేతిలో ఇండియా నుంచి తెప్పించుకున్న నకలు తుపాకీ, కొత్త పెళ్ళికూతురిలా తళతళలాడుతోంది. డెల్బర్ట్ తుపాకీ కూడా నకలే. కాకపోతే ఊళ్ళో కమ్మరి చలికాలమంతా కూర్చుని చేసిపెట్టింది.

"గురువుగారూ, దీన్ని ఒక్కసారి చూసి పెడతారా? నేను తుపాకీ పేల్చడం ఇదే మొదలు" అన్నాడు కర్టిస్.

కొత్త తుపాకీ వరసలోకి వచ్చేముందు పాతకాపు ఒకరు దాన్ని పైనుంచి కిందిదాకా తడిమి చూడాలి. అది అక్కడి ఆనవాయితీ. ఆ పని డెల్బర్ట్‌ది.

"చూసేదేముంది? మెరుస్తోందిగా, చాలు" అన్నాడు డెల్బర్ట్. వేలు కూడా వెయ్యకుండా, సరేనన్నట్టు ఓరెన్‌కు తలూపాడు. వరసకు ఆజ్ఞలిచ్చే ముసలాయన ఓరెన్.

ఆ క్లబ్బులో ఇంకో రెండు ఆనవాయితీలున్నాయి. గెలిచినవాడు సాయంత్రం వంటశాల చూసే ఆవిడతో మొదటి డాన్సు చెయ్యాలి. అందరికంటే వెనకబడినవాడు గెలిచినవాడి తుపాకీ కడగాలి. ఇన్నేళ్ళూ డెల్బర్ట్ డాన్సు చేసింది తన పెళ్ళాంతోనే కాబట్టి మొదటిదాని సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి మాత్రం డెల్బర్ట్‌కు పొద్దుటినుంచీ అదే ధ్యాస.

"మందు పొయ్యండి. గుండు కూరండి. ఎత్తండి. కాల్చండి."

వరసంతా ఒక్కసారి భగ్గుమంది. రాళ్ళు నిప్పులు రాల్చాయి, పొగలో పక్కవాడి టోపీ కూడా కనిపించలేదు. పొగ విడిపోయాక ఓరెన్ దుర్భిణి ఎత్తాడు.

"ఏడు. నడిమధ్యన" అన్నాడు. "ఎనిమిది... ఏం లేదు. ఏం డెల్బర్ట్, గుండు వెయ్యడం మర్చిపోయావా?"

అందరూ నవ్వారు. నడీన్ కూడా నవ్వింది.

"భుజం విరుగుతుందేమోనని భయపడ్డాను గురువుగారూ" అన్నాడు కర్టిస్. "ఇదేంటి, అసలు తన్నడమే లేదు."

డెల్బర్ట్ భుజం అప్పటికే సలుపుతోంది. అసూయకు ఆ మాట కూడా చాలు.

రెండోసారీ అంతే. ఏడు నడిమధ్యన, ఎనిమిది ఖాళీ. మూడోసారికి కర్టిస్ చెయ్యి వాటం తిరిగింది. ఇనప కడ్డీతో గుండును కూరే పని ఒక్కోసారికీ ముందుకంటే తొందరగా తెమిలిపోతోంది. నిన్నగాక మొన్న వచ్చినవాడు తనకంటే ముందే సిద్ధంగా నిలబడుతుంటే, డెల్బర్ట్‌కు గురి మీద మనసెక్కడ నిలుస్తుంది? పళ్ళెం తీసుకుని కర్టిస్ దగ్గరికొస్తున్న నడీన్ వెంట అతని కళ్ళు పోయాయి. చేతులు తమకు తెలిసిన పని తాము చేసుకుపోయాయి.

ఐదు గుండ్లూ అయ్యాయి. కర్టిస్ పలక మధ్యలో అరచేతిలో పట్టేంత మేర ఐదు చిల్లులు. డెల్బర్ట్ పలక తెచ్చినప్పుడెలా ఉందో అలాగే ఉంది.

"అదృష్టం గురువుగారూ, అంతే" అన్నాడు కర్టిస్, టోపీ తీసి.

"ఏడో నంబరుది లే, నీదేముంది" అన్నాడు డెల్బర్ట్.

సాయంత్రం ఫిడేలు మొదలైంది. కర్టిస్ వంగి చెయ్యి చాచాడు. నడీన్ ఏప్రన్ విప్పి, జుట్టు సవరించుకుని, ఆ చెయ్యి అందుకుంది. ఆవిడ జుట్టు సవరించుకోవడం డెల్బర్ట్ చూసి ఎన్నేళ్ళయిందో.

ముక్కుమీద కోపంతో మెట్లమీద కూర్చుని, గెలిచిన తుపాకీని ఒళ్ళోకి లాక్కున్నాడు. గొట్టం ఇంత శుభ్రంగా ఉండటం కూడా అతనికి కంటగింపే అయింది. వేడినీళ్ళు మూతి దగ్గర పోశాడు. మామూలుగా, మందు చల్లే చిప్ప పక్కనున్న సన్నని రంధ్రంలోంచి నల్లటి నీళ్ళు చిమ్మాలి. లోపలి మందుకు నిప్పు అంటుకునేది ఆ దారినే. చుక్క కూడా రాలేదు. నీళ్ళు మూతిలోంచే పొంగి అతని ఒడి తడిపాయి. చిప్ప పక్కన వేలితో తడిమి చూశాడు. నున్నటి ఇనుము. ఇలాంటి నకళ్ళు చిల్లు లేకుండానే వస్తాయి, కొన్నవాడే వేయించుకోవాలి.

"కర్టిస్" అని కేకేశాడు. "పార్సెల్ వచ్చాక దీనికి చిల్లు వేయించావా?"

కర్టిస్ నడీన్‌ను ఒక చుట్టు తిప్పి, నవ్వుతూ తల తిప్పాడు.

"ఏ చిల్లు, గురువుగారూ?"

డెల్బర్ట్ కడ్డీని గొట్టంలోకి దించాడు, అది సగంలోనే ఆగిపోయింది. పొద్దుటినుంచీ కర్టిస్ కూరిన ఐదు గుండ్లూ ఒకదానిమీద ఒకటి అందులోనే ఉన్నాయి. ఏడో పలకకు తగిలినవి అవి కావు.