పెండ్లిలో ప్రభువు బల్ల

చిత్తూరు ఆంగ్లికన్ చర్చి వరండాలో పెండ్లివాళ్ళు పాస్టరయ్యతో పెండ్లి ఆరాధన గురించి మాట్లాడుకుంటున్నారు. ప్రమాణాలయ్యాక ప్రభువు బల్ల ఉంటుందనీ, యుద్ధకాలమైనా ద్రాక్షరసం తెప్పిస్తాననీ, అందరూ ఒకే గిన్నెలో తాగాలనీ పాస్టరయ్య చెప్పారు.

పెండ్లికొడుకు తండ్రి ముఖం చిట్లించాడు. "తూ! మేము రెడ్లలోంచి మతంలో కలిసినోళ్ళం. మాలపల్లె వాళ్ళు మూతి పెట్టిన గిన్నెలో మావోళ్ళు యాడ తాగుతారయ్యా?"

పెండ్లికూతురు, మాలపల్లె పిల్ల సంతోషమ్మ, తనను కోరి చేసుకుంటున్న రాజారత్నం వైపు చూసింది.

"ఊరుకో నాయనా! ఏసు దగ్గర కూడా కులమేనా?" అని రాజారత్నం తండ్రిని గద్దించాడు. "బల్ల ఉండాల్సిందే. మీకు రోతైతే తాగొద్దండి. మేమిద్దరమే తాగుతాం."

సంతోషమ్మ కళ్ళు చెమర్చాయి. పాస్టరయ్య సంతోషపడి, గిన్నె ముందుగా పెండ్లికూతురికే అందిస్తానన్నారు.

రాజారత్నం ఆమె పెదవుల వైపు చూసి, చప్పున చూపు తిప్పుకున్నాడు.

"అట్ల వద్దయ్యా," అన్నాడు మెల్లగా. "ముందు నాకియ్యండి. ఆమె ఎంగిలి నేనెట్ల తాగేది?"

తండ్రి తృప్తిగా తలాడించాడు.

సంతోషమ్మ లేచి చెప్పులు తొడుక్కుంది.

"గిన్నె మొత్తం ఆయన్నే తాగమనండి అయ్యా," అంది. "ఆ మూతి పెట్టినాక నాకు రోత."