దేవానందం గారి సంతకం

పద్మారావు నగర్‌లోని ఫ్రేముల దుకాణంలో భర్త దేవానందం పేరుమోసిన చిత్రానికి ప్రింట్లు వరుసగా వేలాడుతుంటే చూసి జ్ఞానమణి ఒకదాని దగ్గరికి వెళ్లి పరికించింది. నైరూప్య చిత్రకళకు ఆద్యుల్లో ఒకడని పత్రికలు పొగిడిన ఆయన పోయి ఏడాదైంది.

"ఛీ, ఇదేం పనయ్యా! నీలమంతా పాచిరంగు చేశావు. కింద అంచు కూడా కోసేశావు."

ఆమెను గుర్తుపట్టి దుకాణదారు కంగారుపడ్డాడు. "సోఫా సైజుకు కోసినమమ్మా. సారు సంతకం సుత పోయింది. మాఫ్ చెయ్యండి, మళ్ల కొట్టిస్త."

"రంగు సరిచేయించు. సంతకం మాత్రం వద్దు."

"అదేందమ్మా? సారు పేరు లేకుంటే ఎట్ల?"

"నలభై ఏళ్లుగా నాకు రోత పుట్టించింది అదే. బొమ్మంతా నేనే వేశాను. ఆయన గీసింది ఆ సంతకమొక్కటే."