సిల్వర్ చక్రాలు

కారు నాలుగు చక్రాలూ పెనం అడుగులా నల్లబడి ఉన్నాయి.

దశరథం చేతిలోని గుడ్డ జారి కిందపడింది. దొర కారుకు తొమ్మిదేళ్లుగా అతనే డ్రైవరు. నిన్న సాయంత్రం షెడ్డులో పెట్టినప్పుడు ఆ చక్రాల్లో ముఖం చూసుకునేట్టు ఉండింది.

"నేనే కడిగిన," అంది భార్య సోమమ్మ, బకెట్టు పక్కన నిలబడి. "దొర కచ్చేరికి పోతున్నడు గద, మంచిగ మెరువాలెనని బట్టల సోడా ఏసిన."

"సోడానా? దీనికి రంగు లేదు, పూత లేదు, ఉత్త సిల్వరు అని ఎన్నేండ్ల సంది చెప్తున్న? సోడా తగిలితే నల్లగైతదని నీకెరుక లేదా?"

"యాది మరిచిన," అందామె తలొంచుకుని.

హైదరాబాదు నుంచి వెళ్లిపోతున్న ఒక తెల్లవాడి దగ్గర దొర కొన్న కారు అది. దాని చక్రాలు ఇనుపవి కావు. అల్యూమినియంతో పోతపోసినవి. ఊరంతా వాటిని సిల్వర్ చక్రాలంటారు. దశరథం రోజూ పొద్దున్నే వాటిని మంచినీళ్లతో కడుగుతాడు. కిరసనాయిల్లో తడిపిన సుద్దపొడితో రుద్దుతాడు. చివరికి అచ్చంపేట అడవి నుంచి వచ్చిన తేనెమైనం పలచగా పూస్తాడు. ఇంకేదీ వాటికి తగలనివ్వడు.

ఈరోజే ఇట్లా కావాలా?

పదకొండింటికి కల్వకుర్తి తహసీల్ కచ్చేరీలో పిలుపు ఉంది. ఏడెకరాల చెలక గొడవ. పన్నెండేళ్లుగా దాన్ని కౌలుకు దున్నుతున్న బిక్షమ్మ, కొత్త చట్టం ప్రకారం తన పేర రాయమని అర్జీ పెట్టుకుంది. దొర స్వయంగా వచ్చి కాగితాలు చూపిస్తే ఆ అర్జీ నిలవదని వకీలు చెప్పాడు. ఆ కాగితాలు దొర సంచీలో ఉన్నాయి.

ఎనిమిదింటికి దొర బయటికొచ్చాడు. చక్రాల ముందు ఆగిపోయాడు.

"ఏందిరా ఇది?"

"తప్పైంది దొరా. ఆడిది, తెలువక..."

"బస్సు దొరకకనా నేను కార్ల పొయ్యేది? గా చక్రాల మెరుపు చూస్తెనే గా బిక్షమ్మ సాక్షులు సగం మంది నోర్లు మూసుకుంటరు. గీ బొగ్గు చక్రాలతోని దిగితే నన్ను చూసి నవ్వుతరు." దొర గడియారం చూసుకున్నాడు. "పదింటి దాక చూస్త. మెరిసినయా, సరి. లేకుంటే గా అర్ర ఖాళీ చేసి మొగుడు పెండ్లాలు యాడికన్న పోండ్రి."

షెడ్డు పక్కనున్న ఆ ఒక్క అర్రే వాళ్ల ఇల్లు.

సోమమ్మ పరుగున పోయి చింతపండు పిసికి తెచ్చింది. పులుపు పట్టిస్తే నలుపు విరిగింది గానీ మెరుపు రాలేదు. ఇక సుద్దపొడితో రుద్దడమే. ఒక్కో చక్రానికి ఎనిమిది ఆకులు. ఆకుల మధ్య సందుల్లో వేళ్లు దూర్చి రుద్దుతుంటే దశరథం కణుపుల మీద తోలు లేచిపోయింది. సోమమ్మ కూడా చెమటలు కక్కుతూ రుద్దింది. అతను ఒక చక్రం అయిందనుకోగానే వంగి చూసేది.

"గీ సందుల ఇంకా నల్లగుంది చూడు."

అతను మళ్లీ మొదలుపెట్టేవాడు.

పది కొట్టేసరికి రెండు చక్రాలే అయ్యాయి. దశరథానికి ఉపాయం తోచింది.

"దొరా, మీరు దిగే దిక్కు రెండు మెరుస్తున్నయి. ఇగ పోదామా?"

దొర ఒప్పుకున్నట్టే తలూపి చెప్పులేసుకున్నాడు. అప్పుడు సోమమ్మ కొంగు సవరించుకుని మెల్లగా అంది.

"జనం రెండు దిక్కుల నిలబడతరు గద దొరా. ఒక దిక్కు తెలుపు, ఒక దిక్కు నలుపు చూస్తే ఇంకింత నవ్వరా?"

దొర కాలు ఆగింది. "కానియ్యండ్రి, జల్ది. తహసీల్దారు ఏనాడన్న టైముకు కూసున్నడా? అయినా నేను పోకముందు ఎవడు పిలుస్తడు?"

దశరథం భార్యను కొరికేసేలా చూశాడు. మాట్లాడే తీరిక లేదు. ఈసారి సోమమ్మను వంగి చూడనివ్వకుండా మూడోది ముగించాడు. నాలుగోదీ అయిందనిపించి స్టీరింగు దగ్గరికి పరుగెత్తాడు.

"మైనమో?" అంది సోమమ్మ.

"టైము లేదే!"

"పద్నాలుగు మైళ్లు కంకర తొవ్వ. మైనం లేకుంటే ఆడికి పొయ్యేసరికి దుమ్ము కరుచుకుంటది. మళ్ల నీమీదనే పడతడు."

అదీ నిజమే అనిపించింది. నాలుగు చక్రాలకూ మైనం పూసి, ఆరాక తుడిచి, కారు కదిలించేసరికి పదకొండుకు పావుగంటే ఉంది. దారిలో గుంట కనబడినా అతను బ్రేకు మీద కాలు పెట్టలేదు.

కచ్చేరీ ముందు జనం నిజంగానే చక్రాలనే చూశారు. దొర మీసం సవరించుకుని దిగాడు. బంట్రోతు ఎదురొచ్చాడు.

"మూడు మాట్ల పిలిచిన దొరా. మీరు పలకకపోతిరి. కొత్త సారు, పదకొండింటికే కూసున్నడు. అయిపోయింది."

వాడి వెనకే మెట్లు దిగుతోంది బిక్షమ్మ. ఒక కాగితాన్ని రెండు చేతులతో రొమ్ముకు అదుముకుని ఉంది. చక్రాల వంక చూడనైనా లేదు.

తిరిగొచ్చాక దొర తన గడీ ముందు దిగి, "తాళంచెవి ఇయ్యి," అన్నాడు.

దశరథం ఇంట్లోకొచ్చి గోడకు ఒరిగి కూలబడ్డాడు. సోమమ్మ పొయ్యి ముందు జొన్నరొట్టె కొడుతోంది.

"కొలువు పోయింది. రేపటికల్ల అర్ర ఖాళీ చెయ్యాల్నట. నీ సోడా మన కొంప ముంచింది గదనే!"

సోమమ్మ పెనం మీద రొట్టె తిరగేసి అతని వైపు తిరిగింది.

"ఉత్త సోడా నలుపైతే తొందరగ పోతదేమోనని సున్నం గూడ కలిపిన. బిక్షమ్మ పేరు ఎక్కిందా లేదా, ముందుగాల గది చెప్పు."